పాత మ్యూజియం ట్యూబుల్లోని సైక్లాప్స్, డయాప్టమస్, డాఫ్నియా: మళ్లీ గుర్తించడం ఎలా?

గాజుసీసా
అందరికీ నమస్కారం. ఒక కాలేజీ జంతుశాస్త్ర మ్యూజియంలో చెరువు నీళ్ల నమూనాలున్న చిన్న గాజు ట్యూబులు రెండు బీరువాల నిండా ఉన్నాయి. ఎక్కువ భాగం 1960లలో పట్టినవి. లేబుళ్ల మీద ఊరు, చెరువు, తేదీ ఉన్నాయి. వాటి కింద ‘సైక్లాప్స్ ల్యూకార్టి’, ‘డయాప్టమస్’, ‘డాఫ్నియా కారినేటా’ అని ఇవే పేర్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఇవన్నీ రొయ్యలు, పీతల వర్గానికి చెందిన అతిచిన్న నీటి జంతువులు. కొన్ని ట్యూబులు పూర్తిగా ఎండిపోయాయి. మిగతావాటిలో ఉన్నది ఫార్మలినో ఆల్కహాలో తెలియదు. ఈ పేర్లను ఉన్నవి ఉన్నట్టు కేటలాగ్‌లో ఎక్కించొచ్చా? మళ్లీ గుర్తించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? స్టీరియో మైక్రోస్కోపు ఒకటి, ఆయిల్ ఇమ్మర్షన్ ఉన్న మామూలు మైక్రోస్కోపు ఒకటి అందుబాటులో ఉన్నాయి.

చెరువుగట్టు
ఎక్కించండి, కానీ ‘లేబుల్ మీది పేరు’ అని ఒక గడి, ‘ఇప్పటి నిర్ధారణ’ అని ఇంకో గడి పెట్టండి. రెండోది ప్రస్తుతానికి ఖాళీగానే ఉండనివ్వండి. ఆ పేరు ఆనాడు ఎవరో వెలిబుచ్చిన అభిప్రాయం. అది మారుతుంది. ఊరు, చెరువు, తేదీ మారవు. మీ బీరువాల అసలు విలువ వాటిలోనే ఉంది.

ఏ ట్యూబు మూతా తీయకముందే లేబుల్ రెండు వైపులా కనిపించేలా ఫొటో తీసి నంబరు వేయండి. లోపల రెండు లేబుళ్లుంటే రెండూ ఉంచాలి. ఒకే చెరువు, ఒకే తేదీ అని రెండు ట్యూబుల్ని ఒకదాంట్లో పోయకండి. ఒకటి గట్టు దగ్గర కలుపులో పట్టినది, ఇంకొకటి నడినీళ్లలో వల లాగినది అయ్యుండొచ్చు. గట్టు దగ్గర కైడోరిడ్లు (డాఫ్నియా వర్గంలోని చిన్న జంతువులు), నడినీళ్లలో డయాప్టమిడ్లు (డయాప్టమస్ కుటుంబం) ఎక్కువగా దొరుకుతాయి. కలిపేస్తే ఆ తేడా మళ్లీ దొరకదు.

సూదిమొన
‘సైక్లాప్స్ ల్యూకార్టి’ అన్న పేరును దాదాపుగా నమ్మొద్దని మొదటే చెప్తాను. క్లౌస్ 1857లో యూరప్ నుంచి వర్ణించిన ఈ జాతి పేరును తర్వాత ప్రపంచమంతా అంటించేశారు. 1981లో కీఫర్ ఆ గుంపును (ఇప్పటి మీసోసైక్లాప్స్ ప్రజాతిని) విడదీశాక, అసలు ల్యూకార్టి యూరప్, ఉత్తర ఆసియా వైపుదేనని తేలింది. మన చెరువుల్లో కనిపించేవి మీసోసైక్లాప్స్ యాస్పెరికార్నిస్, మీసోసైక్లాప్స్ థెర్మోసైక్లోపాయిడిస్, మీసోసైక్లాప్స్ ఒగున్నస్ లాంటివి. వాటితో పాటు థెర్మోసైక్లాప్స్ ప్రజాతి జాతులూ ఉంటాయి. మీ ట్యూబుల్లో ఇవి కలగాపులగంగా ఉండొచ్చు. ఒక్క ట్యూబులోనే రెండు మూడు జాతులుండటం మామూలే, కాబట్టి ట్యూబుకి ఒక పేరు అన్న లెక్క పెట్టుకోకండి.

ఈ పనికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. నారికురుపు పురుగును మోసేది సైక్లాప్స్ అని 1870లో ఫెద్‌చెంకో చూపించాడు. మన దేశంలో చివరి రోగి 1996 జులైలో కనబడ్డాడు. 2000 ఫిబ్రవరిలో దేశానికి విముక్తి ధ్రువపత్రం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. అప్పటి వైద్య వ్యాసాల్లో ‘ల్యూకార్టి’ అని రాసినది నిజానికి ఏ జాతి? నమూనా మిగిలి ఉంటేనే ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలం. దిగుడుబావి అని రాసిన ట్యూబులేవైనా ఉంటే వాటిని ముందు చూడండి.

భద్రపేటిక
ద్రవం సంగతి ముందు తేల్చుకోవాలి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకండి, ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. డ్రాపర్‌తో ఒక చుక్క తీసి, గాజు గిన్నెలోని నీళ్లలో నెమ్మదిగా వదిలి, నల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఆల్కహాల్ అయితే నీళ్లలో కలిసేటప్పుడు మెలికలు తిరిగే చారలు స్పష్టంగా కనిపిస్తాయి. పలుచటి ఫార్మలిన్‌లో అలా కనిపించవు. తర్వాత పీహెచ్ కాగితం ముంచండి. బఫర్ కలపని ఫార్మలిన్ ఏళ్ల తరబడి నిలవుంటే ఫార్మిక్ ఆమ్లం తయారవుతుంది. ఆస్ట్రకాడ్ల (రెండు చిప్పల మధ్య ఉండే చిన్న నీటి జంతువులు) చిప్పల్లోని సున్నాన్ని అది కరిగించేస్తుంది. పీహెచ్ 6 కంటే తక్కువ చూపిన ట్యూబుల్లో ఆస్ట్రకాడ్లుంటే వాటినే ముందు బయటికి తీయాలి.

ఫార్మలిన్ నుంచి ఆల్కహాల్‌కి మార్చేది ఇలా. ఫ్యూమ్ హుడ్‌లోగానీ గాలి బాగా ఆడే చోటగానీ, చేతి తొడుగులతో చేయాలి. నమూనాను 60 మైక్రాన్ల జల్లెడ మీద వంపి, ద్రవాన్ని వేరే సీసాలో పట్టుకోండి. సింకులో పోయొద్దు. నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి ఒక రాత్రి నానబెట్టండి. ఆ తర్వాత 30 శాతం, 50 శాతం, 70 శాతం ఆల్కహాల్‌లో ఒక్కోదాంట్లో కొన్ని గంటల చొప్పున ఉంచుతూ పోవాలి. నేరుగా 70లో వేస్తే డాఫ్నియా, దాని దగ్గరి బంధువు మొయినా పెంకులు ఉబ్బి వంకరపోతాయి. చివర 70 శాతం ఆల్కహాల్‌లో 5 శాతం గ్లిజరిన్ కలిపి నిలవ చేయండి. ఎప్పుడైనా మూత వదులై ఆల్కహాల్ ఆవిరైనా గ్లిజరిన్ మిగిలి నమూనాను కాపాడుతుంది.

మీసాల_పురుగు
భద్రపేటిక గారూ, అన్నిటినీ ఆల్కహాల్‌కి మార్చడం అవసరమా? పీహెచ్ బాగున్న ఫార్మలిన్‌లోని కోపిపాడ్లు (సైక్లాప్స్, డయాప్టమస్ వర్గం) అలాగే గట్టిగా ఉంటాయి కదా. మార్చేటప్పుడు జల్లెడకు అంటుకుని పోయేవి పోతాయి, సీటాలు (ఒంటి మీది గట్టి వెంట్రుకలు) విరిగేవి విరుగుతాయి.

భద్రపేటిక
నిజమే. క్లాడోసెరా (డాఫ్నియా వర్గం), కోపిపాడ్లు మాత్రమే ఉన్నవాటిని, పీహెచ్ 7 దగ్గర ఉంటే తొందరపడి కదిలించక్కర్లేదు. ఆస్ట్రకాడ్లున్నవి, రంగు మారినవి, పీహెచ్ పడిపోయినవి మాత్రం ఆపకుండా మార్చాలి. విద్యార్థులు రోజూ తెరిచి చూసే ట్యూబులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, వాళ్ల ఊపిరితిత్తుల కోసం.

గాజుసీసా
ఎండిపోయినవాటిని పారేయాల్సిందేనా? అడుగున గోధుమరంగు పొర మాత్రమే ఉంది.

భద్రపేటిక
వద్దు, పారేయకండి! ట్రైసోడియం ఫాస్ఫేట్ 0.5 శాతం ద్రావణం చేసుకోండి, అంటే 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అర గ్రాము. పొర మునిగేలా పోసి 35 నుంచి 40 డిగ్రీల వెచ్చదనంలో ఉంచండి. గంటకోసారి చూడండి. కొన్ని గంటల్లో మెత్తబడొచ్చు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. సూదితో గీకకూడదు. పొర దానంతట అదే లేచేదాకా ఆగాలి. వేడి ఎక్కువైనా, ద్రావణం చిక్కనైనా కీళ్లు ఊడిపోతాయి. లేచాక డిస్టిల్డ్ వాటర్‌లో రెండుసార్లు కడిగి మెట్లమెట్లుగా ఆల్కహాల్‌కి తీసుకెళ్లండి. లోపలి కండరాలు తిరిగి రావు. కానీ పైపెంకు, ముళ్లు, సీటాలు, తోక గోళ్లు తిరిగి వస్తాయి, గుర్తించడానికి అవి చాలు. లేబుల్ కూడా ఆ పొరకే అతుక్కుని ఉంటే ద్రావణం పోయకముందు ఫొటో తీయండి. కొన్ని పాత సిరాలు ఇందులో కరిగిపోతాయి.

సూదిమొన
ఇప్పుడు గుర్తింపు. అందరూ తడబడేది ఒకటే చోట: పిల్లలను పెద్దవాటిగా లెక్కేయడం. అయిదో కోపిపోడిడ్ దశ (పెద్దది కావడానికి ముందు చివరి పిల్ల దశ) చూడ్డానికి అచ్చం పెద్దదానిలా ఉంటుంది. దాన్ని పట్టుకుని కీ (లక్షణాలను బట్టి పేరు తేల్చే పట్టిక) నడిపితే తప్పు పేరు దగ్గరికే చేరతారు. అందుకే ముందు పెద్దవాటిని ఏరుకోవాలి.

సైక్లాప్స్ వర్గంలో జాతి తేల్చేది ఆడదానితో. గుడ్ల సంచులు రెండు ఉంటే సందేహం లేదు. సంచులు రాలిపోయి ఉంటే జననేంద్రియ ఖండం చూడండి. రెండు ఖండాలు కలిసి పెద్ద ఒక్క ఖండంగా ఉండాలి, లోపల సెమినల్ రిసెప్టకిల్ (వీర్యం నిలవుండే సంచి) ఆకారం కనబడాలి. మీసోసైక్లాప్స్, థెర్మోసైక్లాప్స్ పెద్ద ఆడవాటికి మొదటి మీసంలో 17 ఖండాలుంటాయి. అంతకంటే తక్కువ లెక్కకొస్తే అది పిల్ల.

డయాప్టమస్ వర్గంలో దీనికి తలకిందులు. అక్కడ జాతి తేల్చేది మగదానితో. కుడి మీసం మధ్యలో ఉబ్బి, మోకాలిలా మడత పడుతుంది. అయిదో కాళ్ల జత కుడి ఎడమలకు పోలికే ఉండదు. ఆడవాటి గుడ్లు ఒకే సంచిలో ఉంటాయి. ఆడవి మాత్రమే ఉన్న ట్యూబు అయితే ప్రజాతి దగ్గర ఆపేయండి, జాతి పేరు రాయొద్దు.

మీసోసైక్లాప్స్, థెర్మోసైక్లాప్స్ ప్రజాతుల్ని విడదీసే చోటు ఆడదాని అయిదో కాలు. దాని చివరి ఖండంలో ఒక సీటా, ఒక ముల్లు ఉంటాయి. మీసోసైక్లాప్స్‌లో ముల్లు లోపలి అంచు మధ్యలో పుడుతుంది. థెర్మోసైక్లాప్స్‌లో రెండూ చివరి కొసనే పక్కపక్కన పుడతాయి. ఇది చూడటానికి 400 రెట్లు సరిపోతుంది, కానీ కాలు పక్కకి తిరిగి ఉంటే ముల్లు పుట్టిన చోటు కొసకి జరిగినట్టు కనిపిస్తుంది. ఆ కాలు ఉన్న ఖండాన్ని విడదీసి, బల్లపరుపుగా పరిచి చూసిన తర్వాతే పేరు రాయండి.

మీసాల_పురుగు
సూదిమొన గారు చెప్పినదానికి కొనసాగింపు. మీసోసైక్లాప్స్ లోపల జాతులు విడదీయడానికి చూడాల్సినవి: తోక చివరి రెండు కొమ్మల లోపలి అంచున వెంట్రుకలున్నాయా లేవా (యాస్పెరికార్నిస్‌లో ఉంటాయి), రెండో మీసం మొదటి ఖండం మీద సన్నటి ముళ్ల వరసలు, మొదటి ఈతకాలు బేసిస్ (కాలు మొదట్లోని రెండో ఖండం) లోపలి మూల ముల్లు, నాలుగో కాళ్ల జతను కలిపే పలక మీద పొడుచుకొచ్చిన మొనలు, సెమినల్ రిసెప్టకిల్ ఆకారం. ఒక్క లక్షణంతో ఎప్పుడూ పేరు పెట్టకండి. రెండో మీసం ముళ్ల వరసలకి 1000 రెట్లు, ఆయిల్ తప్పదు.

సెమినల్ రిసెప్టకిల్‌ని, పెంకు తేటపడేందుకు వాడే ల్యాక్టిక్ ఆమ్లంలో వేయకముందే, గ్లిజరిన్‌లో ఉండగా బొమ్మ గీసుకోండి. ఆమ్లం మెత్తటి భాగాలన్నిటినీ తినేస్తుంది, దాంతో పాటు ఇదీ పోతుంది. డిసెక్షన్ అయిపోయాక గుర్తొస్తే ఇంకో ఆడదాన్ని బలి చేయాలి.

పలక
డిసెక్షన్ వివరంగా రాయండి ఎవరైనా. సూదులు ఏవి వాడతారు?

సూదిమొన
కుట్టుసూదులు పనికిరావు, పురుగులు గుచ్చే సన్నటి మినూటెన్ పిన్నులు పుల్లకి అతికించి వాడొచ్చు. ఇంకా బాగుండేది 0.25 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ తీగ. 10 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో 6 వోల్టుల కరెంటు పెట్టి, తీగ కొసను ముంచుతూ తీస్తుంటే సన్నగా కరుగుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. మొన వంగితే మళ్లీ ముంచితే సరి.

స్లైడ్ మీద గ్లిజరిన్ చిన్న చుక్క. పెద్ద చుక్క పెడితే జంతువు తేలుతూ తిరుగుతుంది. ముందు మొత్తంగా ఉంచి, పై నుంచి, పక్క నుంచి చూసి కొలతలు తీసుకోండి: తల నుంచి తోక కొమ్మల చివరిదాకా, సీటాలు కలపకుండా. తోక కొమ్మ పొడవు, వెడల్పు విడిగా. తర్వాత ఒక సూదితో మొండేన్ని నొక్కి పట్టి, ఇంకో సూదితో అయిదో కాలున్న ఖండం ముందు భాగంలో కోసి వెనక భాగాన్ని విడదీయండి. నాలుగో కాళ్ల జత, మూడో జత, ఇలా వెనక నుంచి ముందుకి రండి. ప్రతి జతనీ మధ్య పలకతో సహా ఒకటిగానే తీయాలి. ఆ పలకని చించేస్తే ముఖ్యమైన గుర్తు పోయినట్టే. ఆఖర్న మీసాలు, నోటి భాగాలు.

ఒక్కో జతని వేరే చుక్కలో, ముందువైపు పైకి తిప్పి పరచండి. మొదటి కాలు బేసిస్ ముల్లు వెనక్కి తిరిగి ఉంటే ‘లేదు’ అని రాసేస్తారు.

పలక
నేను పాలీవినైల్ ల్యాక్టోఫినాల్‌లో శాశ్వత స్లైడ్లు చేయమంటాను. ఆరిపోతుంది, సీలు అక్కర్లేదు, మ్యూజియంకి సులువు.

భద్రపేటిక
దీనికి నేను ఒప్పుకోను. ఆ మాధ్యమం ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయి, అంచుల్నుంచి గాలి బుడగలు లోపలికొస్తాయి. అందులో ఫినాల్ కూడా ఉంది. కెనడా బాల్సమ్ నిలుస్తుంది కానీ దాని వక్రీభవనం పెంకుకి దగ్గరగా ఉండటంతో సన్నటి ముళ్లు కనిపించకుండా పోతాయి. గ్లిజరిన్‌లో ఉన్నదాన్ని మళ్లీ తెరిచి భాగం తిప్పి చూడొచ్చు. కవర్‌స్లిప్ మూలల కింద మైనం బొడిపెలు పెడితే భాగాలు నలగవు. గ్లిజరిన్ కవర్‌స్లిప్ అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే నెయిల్ పాలిష్ అంటదు. అంచు పొడిగా తుడిచి ఒక పూత, ఆరాక ఇంకో పూత. కొన్నేళ్లకోసారి సీలు చూసుకోవాలి, అంతే పని.

పెంకు మరీ పారదర్శకంగా ఉంటే 70 శాతం ఆల్కహాల్‌లో కరిగించిన 1 శాతం క్లోరజోల్ బ్లాక్ ఒక చుక్క కలపండి, కైటిన్ (పెంకు పదార్థం) నల్లబడి సీటాలు స్పష్టమవుతాయి. ఎక్కువసేపు ఉంచితే అంతా నల్లబడుతుంది, కాబట్టి కళ్లతో చూస్తూనే ఆపేయాలి.

ఆస్ట్రకాడ్లకు మాత్రం ల్యాక్టిక్ ఆమ్లం తగలనివ్వొద్దు. చిప్పలు తీసి కడిగి పొడిగా సూక్ష్మ శిలాజాల స్లైడులో, మెత్తటి భాగాలు గ్లిజరిన్‌లో, రెండిటికీ ఒకే నంబరుతో ఉంచండి.

చెరువుగట్టు
‘డయాప్టమస్’ ట్యూబుల గురించి ఎవరూ రాయలేదు. పాత రోజుల్లో అది గంపగుత్త పేరు. కీఫర్ 1932లో హీలియోడయాప్టమస్, ట్రోపోడయాప్టమస్, నియోడయాప్టమస్ ప్రజాతులు ఏర్పరిచాడు. 1936లో ఫిల్లోడయాప్టమస్, అల్లోడయాప్టమస్ వచ్చాయి. కాబట్టి గర్నీ 1907లో ‘డయాప్టమస్ సింక్టస్’ అన్నదే ఇప్పటి హీలియోడయాప్టమస్ సింక్టస్. ఆయన 1916లో సిలోన్ నుంచి వర్ణించిన విడుయస్ కూడా ఇప్పుడు అందులోనే ఉంది.

మగదాని కుడి మీసంలో 10, 11, 13వ ఖండాల ముళ్ల పొడవు పోల్చండి. చివరి నుంచి మూడో ఖండం మీద కొక్కెంలా వచ్చే పొడవాటి భాగం ఆకారం గీయండి. కుడి అయిదో కాలు రెండో ఖండం పక్క ముల్లు ఎక్కడ పుడుతుంది, చివరి గోరు ఎంత వంగింది, ఎడమ కాలు కుడి కాలిలో ఎక్కడిదాకా వస్తుంది, ఇవి వెనకవైపు నుంచి చూసి గీయాలి. కవర్‌స్లిప్ బరువుకి గోరు పక్కకి ఒరిగితే వంపే మారిపోతుంది. అందుకే గీసేటప్పుడు కవర్‌స్లిప్ లేకుండా ఒకసారి, దాంతో ఒకసారి చూడండి.

డయాప్టమిడ్ల మీద ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి గారు 1994లో వెలువరించిన గైడు ఈ పనికి మొదటి మెట్టు. మన ప్రాంతపు జంతువుల మీద మన దగ్గర నుంచే ఇంత పని జరగడం నిజంగా గర్వపడాల్సిన విషయం.

మీసాల_పురుగు
డాఫ్నియా కారినేటా సంగతి కూడా అంతే. 1853లో కింగ్ దాన్ని ఆస్ట్రేలియా నుంచి వర్ణించాడు. మన దేశంలో ఆ పేరుతో నమోదైనవాటిని 1991లో హుడెక్ వర్ణించిన డాఫ్నియా సిమిలాయిడిస్‌తో పోల్చి చూడాలి. తల పలక ఆకారం ఒక్కటే చాలదు, రుతువుని బట్టి మారుతుంది. తోక గోరు మీది దువ్వెన పళ్లు, ఎఫిప్పియం (నిద్రాణ గుడ్లుండే పెట్టె), దొరికితే మగవి కూడా చూడండి. ఒక చెరువులో ఏడాదిలో వేర్వేరు నెలల ట్యూబులుంటే ఆ మార్పు అంతా వరసగా కనిపిస్తుంది. అలాంటి వరస మీకుంటే అది అరుదైన సంపద.

గాజుసీసా
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. మూడు సందేహాలు. ‘బావి, తెల్లటి రొయ్య పిల్లలు’ అని రాసిన ట్యూబులో మిల్లీమీటరు పొడవున, కళ్లు లేని, పొడుగాటి జంతువులున్నాయి. రెండోది, ఒకే ఒక్క జంతువున్న ట్యూబుని కోయొచ్చా? మూడోది, వీటి నుంచి డీఎన్ఏ వస్తుందా?

సూదిమొన
మొదటిది: పెంకు కప్పు లేకుండా, ఖండాలు దాదాపు ఒకేలా ఉంటే బాతినెల్లిడ్ అయ్యుండొచ్చు. భూగర్భ జలాల జీవి. 2002లో హాబ్రోబాతినెల్లా నాగార్జునై అన్న జాతిని వర్ణించింది రంగారెడ్డి గారే. ఆ ట్యూబుని మాత్రం మీరు కోయకండి, ఈ గుంపు మీద పనిచేసేవాళ్లకి చూపించండి.

రెండోది: ఒక్కటే ఉంటే ముందు గ్లిజరిన్‌లో మొత్తంగా చూసి, లోతు మారుస్తూ వరస ఫొటోలు తీయండి. దాంతోనే ప్రజాతి తేలితే అక్కడే ఆపండి. ఆ జాతి వేరే ట్యూబులో దొరికే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పాత పరిశోధకుడి టైపు (జాతిని మొదట వర్ణించడానికి ఆధారమైన నమూనా) అన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా సూది తగలనివ్వకండి.

మూడోది: ఫార్మలిన్‌లో నిలవున్నవాటి నుంచి ఆశించకండి. మొదటి నుంచీ ఆల్కహాల్‌లో ఉన్నవైతే చిన్న చిన్న ముక్కలు రావచ్చు. చేయిస్తే పెంకు మిగిలే పద్ధతిలోనే చేయించండి, పెంకు మళ్లీ ట్యూబులోకి రావాలి. ఇంతకంటే మేలైన దారి, ఆ చెరువు ఇంకా ఉంటే వెళ్లి కొత్త నమూనా పట్టి, 95 శాతం ఆల్కహాల్‌లో వేయడం. చెరువు ఎండి ఉన్నా అడుగు మట్టి తెచ్చి నీళ్లు పోస్తే గుడ్లు పొదిగి పైకి వస్తాయి. జి. ఓ. సార్స్ 1885లో ప్రచురించిన ఆస్ట్రేలియా క్లాడోసెరాలను నార్వేలో కూర్చుని ఎండు మట్టి నుంచే పెంచాడు.

చెరువుగట్టు
‘టైపు’ అన్న మాట వచ్చింది కాబట్టి: ఆ మాటను కొత్తగా ఏ లేబుల్ మీదా రాయకండి. పాతవాళ్లు ఒక్క నమూనాను ఎంచకుండా వర్ణించి ఉంటే అవన్నీ సింటైపులు. వాటిలో ఒకదాన్ని లెక్టోటైపుగా (పేరుకి ఏకైక ఆధారంగా) ఎంచడం ప్రచురణతోనే జరగాలి. అసలు పోయింది కదా అని సర్దుడు పనిలో భాగంగా నియోటైపు (పోయినదానికి బదులు కొత్త టైపు) ఎంచడాన్ని అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఒప్పుకోదు. కొత్త జాతి అని తేలితే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో జమ చేయాలి. భారత జంతు సర్వేక్షణ సంస్థ అలాంటిది. దాని కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది.

గాజుసీసా
కొత్త లేబుల్ ఏ కాగితం మీద, దేంతో రాయాలి?

భద్రపేటిక
ఆమ్లం లేని మందపాటి నూలు గుజ్జు కాగితం. పెన్సిల్‌తోగానీ నీళ్లకు చెదరని నల్ల ఇండియన్ ఇంకుతోగానీ. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, లేజర్ ప్రింటు అక్షరాలు పొరలుగా ఊడి అడుగున చేరతాయి. లేబుల్ ట్యూబు లోపలే ఉండాలి. పాత లేబుల్ తీయకుండా దాని వెనకే కొత్తది పెట్టి, పేరు, నిర్ధారించినవారు, సంవత్సరం, ఎన్ని ఆడవి ఎన్ని మగవి చూశారో, స్లైడ్ నంబరు రాయండి. కోపిపాడ్లున్న ట్యూబుకి దూది బిరడా పెట్టకండి, సీటాలు పోగుల్లో చిక్కుకుని తెగుతాయి. పాలిస్టర్ పోగుల ఉండ పెట్టి, ట్యూబుని తలకిందులుగా ఆల్కహాల్ నిండిన పెద్ద సీసాలో దించండి. సీసాకి రబ్బరు కాకుండా పాలీప్రొపిలీన్ మూత వాడండి, రబ్బరు కొన్నేళ్లకి పగుళ్లిస్తుంది.